ముగ్గు కింద పేరు వేస్తారు, ఈ బొమ్మల కింద కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం పుస్తకంలో కంప్యూటర్ల కథ అని నాలుగు పేజీలు వేశారు. బాగుంది, మా అబ్బాయిని కూర్చోబెట్టి చదివించాను కూడా. కానీ 1984లో యాపిల్ కంపెనీ తెచ్చిన మెకింటాష్ కంప్యూటర్ గురించి చెప్పిన చోట "తెర మీద అక్షరాల బదులు బొమ్మలు వచ్చాయి" అని ఒక్క వాక్యంతో దాటేశారు. బొమ్మలు వాటంతట అవే వస్తాయా అండీ? ఒకావిడ గళ్ళ పుస్తకం ముందేసుకుని ఒక్కో గడీ నింపుకుంటూ వాటిని వేసింది. ఆవిడ పేరు సూజన్ కేర్. మీ వ్యాసంలో పదకొండు మంది పేర్లున్నాయి, నేను వేలు పెట్టి లెక్కపెట్టాను, ఆవిడ పేరు మాత్రం లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడవైంది, చోటు లేకపోతే ఎక్కడైనా కోసుకోండి, ఆ పేరు మాత్రం కోయకండి.

నేను డీటీపీ ఆపరేటర్ని. 1996లో ఇంటర్ అయిపోయాక తెనాలిలో మా పెదనాన్న గారి అబ్బాయి పెట్టిన షాపులో చేరాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, గృహప్రవేశం కార్డులు, ఏ జాబ్ వర్క్ వస్తే అది చేసేవాళ్ళం. నాది మొదటి నుంచీ తెలుగు మీడియం, ఇంగ్లీషంటే కూడబలుక్కుని చదవడమే. మొదటిరోజు మానిటర్ ముందు కూర్చోగానే ఏడుపొచ్చినంత పనైంది, మెనూ అంతా ఇంగ్లీషే, ఏది నొక్కితే ఏం పాడవుతుందోనని టెన్షన్. అన్నయ్య వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "చదవకే, బొమ్మ చూడు. బ్రష్షుంటే గీస్తుంది, బకెట్టుంటే రంగు పోస్తుంది, చెయ్యుంటే కాగితాన్ని జరుపుతుంది, ఉచ్చుతాడుంటే చుట్టూ వేసి ముక్కని పట్టుకుంటుంది" అన్నాడు. అంతే, ఆ పూట నాకు పని మొదలైంది. నెల తిరిగేసరికి బటర్ పేపర్ ప్రింటు తీసి ఆఫ్‌సెట్ ప్రెస్సుకి పంపేదాన్ని. ముప్ఫై ఏళ్ళు కావస్తోంది, ఇప్పటికీ ఆ పని మీదే నా ఇల్లు నడుస్తోంది.

ఆ బకెట్టు, ఆ చెయ్యి, ఆ ఉచ్చుతాడు, ఈ మూడు గుర్తులూ మెకింటాష్‌తో పాటు వచ్చిన మ్యాక్‌పెయింట్ అనే ప్రోగ్రాం కోసం సూజన్ కేర్ వేసినవి. ప్రోగ్రాం రాసింది బిల్ అట్కిన్సన్, గుర్తులు వేసింది ఈవిడ. ఆ తర్వాత వచ్చిన బొమ్మల సాఫ్ట్‌వేర్లు చాలావరకు అదే దారిలో నడిచాయి, మేం వాడినవీ అవే గుర్తుల వారసత్వం. నాకు ఈ సంగతి తెలిసింది ఏడెనిమిదేళ్ళ కిందటే. అప్పటిదాకా వాటిని ఎవరో వేసి ఉంటారన్న ఆలోచనే రాలేదు. అందుకే మీ వ్యాసం రాసినాయన మీద నాకు కోపమేమీ లేదు, ఆయనకీ రాలేదు, అంతే.

ఆవిడ 1954లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథకాలో పుట్టింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆవిడకి పోగులు లెక్కపెట్టి కుట్టే ఎంబ్రాయిడరీ నేర్పింది. మన క్రాస్ స్టిచ్ లాంటిదే, గుడ్డ నేతలో ఇటు ఇన్ని పోగులు అటు ఇన్ని పోగులు అని లెక్క చూసుకుంటూ సూది దింపాలి, ఒక్క పోగు తప్పితే చిలక ముక్కు వంకరపోతుంది. ఇది చదివిన రోజు ఫోను పక్కన పెట్టేసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే మా అమ్మ నాకు ముగ్గు నేర్పింది కూడా ఇలాగే. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు. చుక్కలు సరిగా పడితే ముగ్గు దానంతటదే వస్తుందనేది అమ్మ, ఒక్క వరస పక్కకి జరిగితే నెమలి కాస్తా కోడైపోతుంది. మా ఇంట్లో లెక్కల పుస్తకం వెనక పేజీలన్నీ ముగ్గులే ఉండేవి, మా మేస్టారు కొట్టిన దెబ్బలు కూడా వాటికే. కంప్యూటర్ తెర మీద చిన్న చిన్న గళ్ళతో బొమ్మ కట్టడం మొజాయిక్ పని లాంటిది, కుట్టుపని లాంటిది, అవన్నీ నేను యాపిల్‌కి వెళ్ళకముందే చేసి ఉన్నాను అని ఆవిడే ఒకచోట చెప్పుకుంది. అక్కడి వంటింటి పక్కన కూర్చుని ఒక తల్లి నేర్పిన చేతిపని అది, దాంతోనే ఆవిడ ప్రపంచంలోని కంప్యూటర్లకి మొహం గీసింది. మీ వ్యాసంలో గరాజ్ గురించి ఉంది, సర్క్యూట్ బోర్డుల గురించి ఉంది, ఈ సూదీ దారం గురించి కూడా ఉండాల్సింది.

చదువు సంగతికొస్తే, 1975లో మౌంట్ హోల్యోక్ కాలేజీలో కళల్లో డిగ్రీ, 1978లో న్యూయార్క్ యూనివర్సిటీలో డాక్టరేట్. పరిశోధన దేని మీదంటే డోమియే, ఓల్డెన్‌బర్గ్ అనే ఇద్దరు కళాకారుల శిల్పాల్లో వ్యంగ్య చిత్రణ. అంటే మొహంలో ఏ రెండు గీతలు పట్టుకుంటే మనిషి పోలిక వచ్చేస్తుందో చూడటమే ఆవిడ చదువంతా. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి మ్యూజియంలో ఉద్యోగం చేసింది, కానీ మనసు మాత్రం సొంతంగా బొమ్మలు చేయడం మీదే ఉండేది. 1982లో ఆర్కాన్సాస్‌లోని ఒక మ్యూజియం అడిగితే నిలువెత్తు అడవిపందిని ఇనుముతో వెల్డింగ్ చేస్తోంది. అప్పుడు ఫోన్ మోగింది. చేసింది ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్, హైస్కూల్లో తెలిసినవాడు, అప్పటికి యాపిల్‌లో మెకింటాష్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. మా యంత్రానికి కొన్ని బొమ్మలు, కొన్ని అక్షరాలు కావాలి, వేస్తావా అన్నాడు.

ఆవిడకి అప్పటికి కంప్యూటర్ మీద బొమ్మ వేసిన అనుభవం లేదు. ఫాంటు తయారుచేసిన అనుభవమూ లేదు. బొమ్మ ఎంత ఉండాలని అడిగితే ఇటు 32 గళ్ళు అటు 32 గళ్ళు అన్నాడట. ఆవిడ స్టేషనరీ షాపుకెళ్ళి రెండున్నర డాలర్లు పెట్టి గళ్ళ పుస్తకం ఒకటి కొనుక్కుని, అందులో 32కి 32 గీత కొట్టుకుని, పెన్నుతో గళ్ళు నింపడం మొదలుపెట్టింది. ఇంటర్వ్యూకి కూడా ఆ పుస్తకం, లైబ్రరీ నుంచి తెచ్చిన అక్షరాల పుస్తకాలు కొన్ని పట్టుకునే వెళ్ళింది. 1983 జనవరిలో ఉద్యోగంలో చేరింది. విజిటింగ్ కార్డు మీద మెకింటాష్ ఆర్టిస్ట్ అని వేయించుకుంది.

32ని 32తో హెచ్చవేస్తే 1024 గళ్ళు. ఒక్కో గడి నలుపైనా కావాలి, తెలుపైనా కావాలి, మధ్యలో బూడిదరంగు లేదు. మేం ఇప్పుడు ఫ్లెక్సీకి ఒక ఫోటో పెడితే కోట్ల చుక్కలుంటాయి, అయినా మొహం బాలేదని పని ఇచ్చినవాళ్ళు మళ్ళీ వెనక్కి పంపుతారు. ఆవిడ ఆ 1024 గళ్ళలోనే చెత్తబుట్ట గీసింది, మూల మడిచిన కాగితం గీసింది, ఆగమని చెప్పే చేతిగడియారాన్నైతే అంతకన్నా తక్కువ గళ్ళలోనే గీసింది. స్విచ్ వేయగానే నవ్వుతూ పలకరించే చిన్న కంప్యూటర్ మొహం గీసింది. యంత్రం లోపల ఏదైనా పాడైతే అదే మొహం కళ్ళకి ఇంటూ గుర్తులు పెట్టుకుని దిగులుగా కనిపించేది. ఇనప డబ్బాకి నవ్వు పెట్టాలన్న ఆలోచన ఆరోజుల్లో ఎవరికి వచ్చి ఉంటుంది చెప్పండి? అప్పట్లో కంప్యూటరంటే నల్ల తెర, మినుకుమినుకుమనే గీత, దాని ముందు ఏం టైపు చేయాలో ముందే తెలిసుండాలి. తెలియనివాడికి అందులో చోటే లేదు.

బాంబు బొమ్మ కథ కూడా చెప్పాలి. ప్రోగ్రాం బాగా చెడిపోయి యంత్రం ఆగిపోయినప్పుడు తెర మీద వత్తి వెలిగించిన బాంబు కనిపించేది. అది మామూలు జనానికి ఎప్పుడూ కనిపించదులే అని ప్రోగ్రామర్లు భరోసా ఇచ్చాకే ఆవిడ సరదాగా వేసింది. తీరా యంత్రం అమ్మకానికి వెళ్ళాక ఎవరో ఫోన్ చేసి నా కంప్యూటర్ పేలిపోతుందా అని కంగారుగా అడిగారట. ఆవిడ చాలా బాధపడింది. నేను దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, బొమ్మని జనం నమ్ముతారు. రాసింది చదివి అనుమానిస్తారు గానీ బొమ్మ చూస్తే నమ్మేస్తారు, అందుకే వేసేవాళ్ళకి భయం ఉండాలి, ఆవిడకి అది ఉంది.

ఇక అక్షరాలు. మా నాన్న ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటరు, సీసం అక్షరాలు చేత్తో ఏరి పేర్చేవాడు. సీసంలో 'అ' కి ఒక వెడల్పు, 'ర' కి ఒక వెడల్పు, ఏ అక్షరానికి ఎంత ఒళ్ళుంటే అంత చోటు. టైపు మిషన్ వచ్చాక ఆ సుఖం పోయింది, అన్నిటికీ ఒకే చోటు. మొదట్లో కంప్యూటర్లూ టైపు మిషన్ లాగే, ఇంగ్లీషులో సన్నగా ఉండే ఐ కి, లావుగా ఉండే ఎమ్ కి ఒకటే వెడల్పు ఇచ్చేవి. సూజన్ కేర్ మెకింటాష్‌కి చేసిన అక్షరాల్లో ఎక్కువ భాగం దేని చోటు దానికి ఇచ్చేవే. మా నాన్న చేతిలో ఉన్న మర్యాద మళ్ళీ తెర మీదకి వచ్చిందన్నమాట. వాటిలో ముఖ్యమైనది షికాగో. మెనూలన్నీ అందులోనే ఉండేవి. నిలువు గీత, అడ్డ గీత, సరిగ్గా నలభై అయిదు డిగ్రీల ఏటవాలు గీత, ఇవి మాత్రమే వాడి కట్టింది, ఎందుకంటే గళ్ళ మీద వంపు తిప్పితే మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఇంకో సంగతి, ఆ అక్షరం నిలువు గీత లావుగా ఉంటుంది. మెనూలో ఇప్పుడు పనిచేయని మాటని మసకగా చూపించాలంటే ఒక గడి తీసి ఒక గడి ఉంచుతారు, అలా సగం గళ్ళు ఎగరగొట్టినా షికాగో చదవడానికి వస్తుంది. ఇంత దూరం ఆలోచించి కట్టిన అక్షరం కాబట్టే 1984లో పుట్టింది 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ చిన్న తెర మీద కూడా పనికొచ్చింది.

ఆ ఫాంట్లకి ఆవిడా హెర్ట్జ్‌ఫెల్డూ మొదట పెట్టిన పేర్లు వాళ్ళు చదువుకున్న ఫిలడెల్ఫియా దగ్గర లోకల్ రైలు ఆగే స్టేషన్లవి. ఓవర్‌బ్రూక్, మెరియన్, ఆర్డ్‌మోర్, రోజ్‌మాంట్. మనం విజయవాడ ప్యాసింజరు ఆగే దుగ్గిరాల, కొలకలూరు పెట్టుకున్నట్టు. యాపిల్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన స్టీవ్ జాబ్స్ విని, ఊళ్ళ పేర్లు బాగానే ఉన్నాయి గానీ ఈ ఊళ్ళు ఎవరికి తెలుసు, ప్రపంచంలో పేరున్న నగరాలు పెట్టండి అన్నాడు. అలా షికాగో, జెనీవా, న్యూయార్క్, కైరో అయ్యాయి. నాకైతే ఆ చిన్న స్టేషన్ల పేర్లే ఉంటే బాగుండేదనిపిస్తుంది. మన తెలుగు ఫాంట్లలో పోతన, వేమన, గౌతమి అని చూసినప్పుడు ఎంత దగ్గరితనం ఉంటుందో మాకు తెలుసు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న బొమ్మ. యాపిల్ కంప్యూటర్ కీబోర్డు మీద స్పేస్ బార్ పక్కన ఒక గుర్తుంటుంది చూడండి, మధ్యలో చదరం, నాలుగు మూలలా నాలుగు మెలికలు, గీత ఎక్కడా తెగకుండా చుట్టి వచ్చి మొదలైన చోటే కలుస్తుంది. మొదట అక్కడ యాపిల్ కంపెనీ పండు గుర్తే పెట్టారు. మెనూలో వరసగా అన్ని పండ్లు కనిపించేసరికి జాబ్స్‌కి నచ్చలేదు, కంపెనీ గుర్తుని ఇంత చౌక చేస్తారా, తీసేయండి అన్నాడు. చేతిలో పెద్దగా సమయం లేదు. ఆవిడ అంతర్జాతీయ గుర్తుల నిఘంటువు ఒకటి ముందు పెట్టుకుని పేజీ పేజీ తిప్పింది. స్వీడన్‌లో చూడదగ్గ చోటు ఉందని చెప్పడానికి దారి పక్కన పెట్టే గుర్తు ఒకటి దొరికింది, పువ్వులా ఉంది. దాన్నే ఇటు 16 అటు 16 గళ్ళలోకి తెచ్చింది. నలభై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ అదే.

నేను మొదటిసారి ఆ కీ చూసింది గుంటూరులో ఒక ప్రెస్సులో. చూడగానే "ఇది మెలికల ముగ్గు కదా" అన్నాను. అక్కడి కుర్రాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీండి, నాలుగు చుక్కలు పెట్టి ఒక్కో చుక్క చుట్టూ మెలిక తిప్పుకుంటూ వస్తే వచ్చేది అదే, పెరట్లో తులసికోట ముందు మా నాయనమ్మ రోజూ వేసేది. స్వీడన్ వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారనో మనం వాళ్ళ దగ్గర నేర్చుకున్నామనో నేను అనడం లేదు. చెయ్యి ఎత్తకుండా గీత తిప్పే చేతులు ఎక్కడున్నా ఆ ఆకారం దొరుకుతుందేమో. కానీ ఆవిడ వేల గుర్తుల్లోంచి దాన్నే ఏరుకోవడం నాకు మహా సంతోషం.

యాపిల్ ఆఫీసులో ఆవిడకి మంచి స్నేహాలు ఉండేవట. జాబ్స్ మొహాన్ని అదే 32 గళ్ళలో వేస్తే ఆయనకి నచ్చింది, ఇక మిగతావాళ్ళంతా మాకూ వేయమని వెంటపడ్డారు. బిల్డింగ్ మీద ఎగరేయడానికి అక్కడి ప్రోగ్రామర్ స్టీవ్ క్యాప్స్ నల్లజెండా కుట్టాడు, దాని మీద సముద్రపు దొంగల పుర్రె బొమ్మ వేసి, కంటికి గంత బదులు రంగుల యాపిల్ పెట్టింది ఈవిడే. 1984 జనవరి 24న యంత్రం బయటికొచ్చింది. లోపల మెమరీ 128 కిలోబైట్లు, తెర 512కి 342 చుక్కలు, నలుపూ తెలుపూ. ఇప్పుడు మా షాపులో ఒక పాస్‌పోర్టు ఫోటో అంతకన్నా బరువు.

ఆ తర్వాతి కథ త్వరగా చెబుతాను. జాబ్స్ యాపిల్ వదిలి నెక్స్ట్ అనే కంపెనీ పెట్టినప్పుడు ఈవిడ పదో ఉద్యోగిగా అక్కడికి వెళ్ళింది. పై ఉద్యోగం వచ్చింది గానీ బొమ్మ వేయడం తగ్గింది, అది పడక బయటికొచ్చి సొంతంగా పని పెట్టుకుంది. మైక్రోసాఫ్ట్, ఐబీఎం లాంటి పెద్ద కంపెనీలకి గుర్తులు వేసింది. 2007లో ఫేస్‌బుక్‌లో ఒక డాలరుకి ఒకరికొకరు పంపుకునే చిన్న చిన్న కానుకల బొమ్మలు వేసింది. 2015లో, ఇంటర్నెట్‌లో నచ్చిన బొమ్మలు పోగుచేసుకునే పింట్రెస్ట్ అనే సైటు కంపెనీలో చేరింది. అదే ఏడాది న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ వాళ్ళు ఆవిడ గళ్ళ పుస్తకంలోని బొమ్మల్ని తమ సేకరణలోకి తీసుకున్నారు. 2018లో అమెరికా గ్రాఫిక్ డిజైనర్ల సంఘం తన పతకం ఇచ్చింది. రెండున్నర డాలర్ల పుస్తకం మ్యూజియంకి ఎక్కింది చూడండి.

వీటిలో మనందరికీ తెలిసినది ఒకటుంది. 1990లో వచ్చిన విండోస్ 3.0కి చాలా గుర్తులు వేసింది ఈవిడే, దానితో పాటు ఇచ్చిన సాలిటేర్ ఆటలో పేక ముక్కల మీది బొమ్మలు కూడా ఆవిడవే. ఆ రాజూ రాణీ జాకీ, అవే ముక్కలు విండోస్ 95లోనూ 98లోనూ చూశాం. కరెంటు వచ్చీ రాగానే, పార్టీ ప్రూఫు తీసుకుని వచ్చేలోపు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మన ఊళ్ళల్లో ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని వేల మంది ఆ ముక్కలు లాగి ఉంటారు! మౌస్ నొక్కి పట్టుకుని లాగడం నాకు వచ్చింది ఆ ఆటతోనే. మా అన్నయ్య కావాలనే వారం రోజులు అదే ఆడించాడు, చెయ్యి కుదురుకున్నాక గానీ శుభలేఖ ముట్టుకోనివ్వలేదు. అన్ని వేల మంది చేతుల్లోంచి పోయిన బొమ్మలు, వేసిన మనిషి పేరు ఒక్కరం అడగలేదు.

ఒక మాట సరిగ్గా చెప్పాలి. తెర మీద బొమ్మలు పెట్టాలన్న ఆలోచన ఆవిడది కాదు. జిరాక్స్ అనే కంపెనీ వాళ్ళు అంతకుముందే చేశారు, 1981లో స్టార్ అనే యంత్రం అమ్మకానికి పెట్టారు, యాపిల్ వాళ్ళదే లిసా అనే యంత్రంలోనూ బొమ్మలున్నాయి. ఆ ఆలోచనకి ప్రాణం పోసి, ఇంట్లో మనిషిలా దగ్గర చేసింది ఈవిడ. వంట కనిపెట్టినవాళ్ళు వేరు, వండి పెట్టి కడుపు నింపినవాళ్ళు వేరు, నేను రెండోవాళ్ళ గురించి మాట్లాడుతున్నాను.

గుర్తు అనేది దారి పక్కన పెట్టే బోర్డులాంటిది అని ఆవిడ అనేకసార్లు చెప్పింది. అందంగా గీసిన చిత్రం అక్కర్లేదు, చూడగానే అర్థం కావాలి, ఒకసారి అర్థమైతే మళ్ళీ మర్చిపోకూడదు. అర్థం కాకపోతే బొమ్మ పట్టుకుని వేలాడే రకం కూడా కాదు ఆవిడ. కాపీ అనే పనికి బొమ్మ వేయాలని చాలా తంటాలు పడింది, జిరాక్సు మిషన్ వేసి చూసింది, అద్దంలో తన నీడ చూసుకునే పిల్లిని వేసి చూసింది (ఇంగ్లీషులో అనుకరించేవాళ్ళని కాపీక్యాట్ అంటారు, అందుకని పిల్లి). ఏదీ కుదరక ఆ పనిని మాటగానే వదిలేశారు. ఈ సంగతి నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఎందుకో చెబుతాను. మా అమ్మకి డెబ్భై అయిదేళ్ళు. సంతకం వరకే వచ్చు. ఫోన్లో పచ్చరంగు రిసీవరు గుర్తు చూసి ఎత్తుతుంది, ఎర్రది చూసి పెట్టేస్తుంది, కెమెరా బొమ్మ నొక్కి మనవడితో మాట్లాడుతుంది. మొన్న ఆ మధ్య ఒక ఆఫీసు వాళ్ళ యాప్‌లో తన కార్డు వివరాలు చూసుకోవాల్సి వచ్చింది. తెర నిండా గుర్తులే. ఒకదానిలో రెండు బాణాలు, ఒకదానిలో మూడు గీతలు, ఒకదానిలో పళ్ళచక్రం, ఇంకొకదానిలో ఏదో గుండ్రంగా తల లేని మనిషి, కింద ఉన్న మాట ఇంగ్లీషులో, అదీ చీమ తలకాయంత. అమ్మ ఏదో నొక్కింది, అది ఇంకెక్కడికో పోయింది, మళ్ళీ మొదటికి వచ్చింది, అలా నాలుగుసార్లయ్యాక ఫోను నా ఒళ్ళో పెట్టి "నాకు రాదులేవే" అంది. ఆ మాట నేను 1996లో అన్నదే. నాకు ఆరోజు ఒక బకెట్టు, ఒక చెయ్యి దారి చూపించాయి, అమ్మకి చూపించేది ఆ తెర మీద ఒక్కటీ లేదు. కోట్ల రంగులున్న తెర మీద కూర్చుని చేసినది 1024 గళ్ళ పాటి పనికి రాలేదు. ఎవరికోసం వేస్తున్నామో ఆ మనిషిని ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టుకుని చూశారా అని అడగాలనిపిస్తుంది. బొమ్మ కుదరకపోతే తెలుగులో ఒక మాట, కనపడేంత పెద్దగా రాయొచ్చుగా. పిల్లి బొమ్మ పక్కన పెట్టేసిన ఆవిడని చూసైనా నేర్చుకోవచ్చు.

ఆసుపత్రుల్లో రక్తపరీక్ష గది ఎటో, ఎక్స్‌రే గది ఎటో చెప్పే బోర్డులు, బస్టాండుల్లో మరుగుదొడ్ల మీది బొమ్మలు, ఇవి కూడా మాలాంటి షాపుల నుంచే వెళతాయి. ఇంటర్నెట్‌లో దొరికింది తీసి అతికించేస్తాం, రేటు అంతే ఉంటుంది మరి. పేరు లేని పనికి శ్రద్ధ ఎక్కడి నుంచి వస్తుంది? శుభలేఖ కింద ప్రెస్సు పేరు ఉంటుంది కాబట్టి అచ్చుతప్పు పడితే మాకు నిద్ర పట్టదు. బోర్డు మీది బొమ్మకి ఎవరి పేరూ ఉండదు.

మీ పత్రికనే తీసుకోండి. సంక్రాంతి నెల పట్టగానే రోజూ ముగ్గులు వేస్తారు. కింద "17 చుక్కలు, సందు చుక్క, 9 వచ్చేవరకు" అని రాసి, దాని కింద పంపినావిడ పేరు, ఊరి పేరు వేస్తారు. 2003లో నా ముగ్గు ఒకటి మీరే వేశారు, ఆ ముక్క లామినేషన్ చేయించి ఇప్పటికీ షాపులో పెట్టుకున్నాను. ఒక ఉదయం ఒక గుమ్మం ముందు వేసి సాయంత్రానికి తొక్కుడు పడిపోయే ముగ్గుకి పేరు వేసిన మీరు, కోట్ల మంది నలభై ఏళ్ళుగా చూస్తున్న బొమ్మకి వేయకపోతే ఎలాగండీ.

కాబట్టి నా కోరికలు ఇవి. ఈ కంప్యూటర్ల వ్యాసాలు పుస్తకంగా వేస్తారని అందులోనే రాశారు, అప్పుడు మెకింటాష్ పేరాలో సూజన్ కేర్ పేరు చేర్చండి. వీలైతే ఆవిడ మీద విడిగా ఒక పేజీ రాయించండి, రాసేవాళ్ళు లేకపోతే నా దగ్గరున్నవన్నీ పంపుతాను. మీ పత్రికలో వచ్చే బొమ్మల కింద, పటాల కింద, రేఖాచిత్రాల కింద వేసినవాళ్ళ పేరు చిన్న అక్షరాల్లోనైనా వేయండి. మీ ఆఫీసులో కూర్చుని వేసేవాళ్ళకీ అమ్మలూ పిల్లలూ ఉంటారు, చూపించుకుంటారు.

ఇంకొకటి. వేసవి సెలవుల్లో పిల్లల పేజీలో ఒకరోజు కథ ఆపి, ఇటు 32 అటు 32 ఖాళీ గళ్ళు వేయండి, పెన్సిలుతో నింపడానికి వీలుగా పెద్దగా, నాసిగా కాకుండా గీతలు నల్లగా పడేలా. పక్కన ఆవిడ చెత్తబుట్టనో నవ్వే కంప్యూటర్‌నో వేసి, ఇలా ఒక ఆవు, ఒక బిందె, ఒక ఆటో, ఒక నాయనమ్మ వేసి పంపండి అని రాయండి. వచ్చినవాటిలో బాగున్నవి పేరూ ఊరూ తరగతీ వేసి అచ్చు వేయండి. మా వీధి పిల్లలవి పోగుచేసి పంపే పూచీ నాది, కాగితాలు చాలకపోతే ఆ గళ్ళ పేజీ మా షాపులో ఎన్ని కావాలంటే అన్ని జిరాక్సులు ఊరికే తీసిస్తాను.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటరు,
తెనాలి